ఆదివారం ఆబిడ్స్‌లో తొలి ముద్రణల వేట

మిత్రులారా,
ఈ ఆదివారం ఉదయం 9 గంటలకు హైదరాబాద్ ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ముందు కలుద్దాం. ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాలే మన గురి.

ముఖ్యంగా వెతకవలసినవి, తిరుగుబాటు కవిత్వం రాసిన దిగంబర కవుల మూడు సంపుటాల తొలి ముద్రణలు (1965, 1966, 1968). శ్రీశ్రీ 'మహాప్రస్థానం' 1950 నాటి తొలి ముద్రణ దొరుకుతుందన్న ఆశ నాకు లేదు, అయినా ఒక కన్నేసి ఉంచండి.

అట్ట చూసి మురిసిపోకండి. ముందుమాట కింది తేదీనీ నమ్మకండి, పునర్ముద్రణల్లోనూ అదే ఉంటుంది. ముద్రణ వివరాల పేజీ చదివాకే బేరం.

చిరిగిన పేజీలకు టేపు వద్దు. కొత్త బైండింగు అసలే వద్దు!

వచ్చేవారు శుక్రవారం లోపు ఇక్కడ పేరు రాయండి. చిల్లర, గుడ్డ సంచి మరవకండి. ఒకే ప్రతికి పోటీపడి ధర పెంచినవారే అందరికీ టీ ఇప్పించాలి.