ఉల్లిగడ్డ అన్నా ఉల్లిపాయ అన్నా: రెండు యాసల ఇళ్ల పిల్లల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. సెప్టెంబర్ 9 కాళోజీ నారాయణరావు గారి పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. మధ్యలో పట్టుమని రెండు వారాలు కూడా లేవు. మన బడి రెండూ జరుపుతుంది. హైదరాబాద్ బడి కదా, నల్గొండ పిల్ల, ఏలూరు పిల్లాడు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. కొందరికి అమ్మ అటు, నాన్న ఇటు. ఈ నెల ఉత్తరం ముఖ్యంగా ఆ ఇళ్ల కోసం.

ముందు మాట సంగతి. పేర్ల తేడాతో పెద్ద చిక్కు లేదు. ఉల్లిగడ్డ, ఉల్లిపాయ, అంగి, చొక్కా, దవాఖాన, ఆసుపత్రి, తొవ్వ, దారి: పిల్లలు వీటిని వారంలో పట్టేస్తారు. అసలు చిక్కు క్రియలతో. తెలంగాణలో 'నేను వచ్చిన' అంటే వాక్యం పూర్తయినట్టే. కోస్తా చెవికి అది సగం మాట, 'వచ్చిన... ఎవరు? ఏమిటి?' అని ఎదురుచూస్తుంది. అందుకే సెలవులకు వచ్చిన తాతగారు 'సరిగ్గా మాట్లాడరా' అంటారు. పిల్లాడు తప్పేమీ మాట్లాడలేదు, ఆటస్థలంలో నేర్చిన వ్యాకరణాన్ని పొల్లుపోకుండా వాడాడు. 'వచ్చినాను' అనే పిల్లలూ ఉన్నారు, అది రాయలసీమ రూపం. భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగుకు నాలుగు మాండలిక ప్రాంతాలను గుర్తించారు: తెలంగాణ, రాయలసీమ, కోస్తా, ఉత్తరాంధ్ర. మన తరగతి గదుల్లో ఆ నాలుగూ వినిపిస్తాయి.

బడిలో మేం పాటించే పద్ధతి ఇది. నోటిమాటను ఏ ఉపాధ్యాయుడూ దిద్దరు. రాతలో 'నేను బడికి పోయిన' అని ఉంటే ఎర్ర సిరాతో కొట్టెయ్యరు. పక్కన 'వెళ్లాను' అని రాసి, నోటుబుక్కు చివరి పేజీలో రెండు గళ్లు గీయిస్తారు: ఒకటి ఇంటి మాట, ఒకటి పరీక్ష మాట. కథలోనో వ్యాసంలోనో అమ్మమ్మ మాటను యథాతథంగా రాస్తే అలాగే ఉంచుతారు, దానికి మార్కు పోదు. ఇంట్లోనూ ఇదే చేయండి. వాక్యం మధ్యలో ఆపి దిద్దితే పిల్లలు చెప్పబోయే సంగతి మింగేస్తారు. నాలుగుసార్లు అలా అయితే ఇంట్లో బడి కబుర్లు చెప్పడం మానేస్తారు. 'మావాడు ఇంట్లో నోరు విప్పడు' అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

దీనికంటే చెడ్డ అలవాటు ఇంకోటి ఉంది. చుట్టాలు రాగానే 'ఏదీ, తెలంగాణ యాసలో ఓ మాట అను' అనో, 'గోదావరి వాళ్లలా మాట్లాడి చూపించు' అనో అడగడం. అందరూ నవ్వుతారు. ఆ మాట నవ్వడానికి పనికొచ్చేదని పిల్లకు ఆ క్షణమే తెలిసిపోతుంది. మర్నాడు అదే నవ్వు మా తరగతిలో పక్క పిల్ల మీద పడుతుంది. సినిమాలు చేసిన చేటు చాలు, మనం కూడా చేయొద్దు.

మర్యాద దగ్గర పొరపాట్లు ఎక్కువ. తెలంగాణలో పెద్దలకు 'రాండ్రి, కూసోండ్రి' ఉంది. కానీ చాలా ఇళ్లలో దగ్గరివాళ్లు ఎంత పెద్దవాళ్లైనా 'నువ్వు' అనే పిలుస్తారు. అందులో చనువే తప్ప పొగరు లేదు. 'అండి' అలవాటున్న ఇంటికి ఆ పిల్లలు వెళ్తే పెంకితనంలా కనిపిస్తుంది. పిల్లల్ని ప్రయాణానికి ముందే కూర్చోబెట్టి 'అక్కడ తాతగారిని మీరు అనాలి' అని ఒక్క మాట చెబితే సరిపోతుంది. పెద్దలకు కూడా ఫోన్లో చెప్పి ఉంచండి. వరసలూ అంతే: బాపు, నాన్న, బాపమ్మ, మామ్మ, చిన్నమ్మ, పిన్ని. రెండో తరగతిలో కుటుంబ వృక్షం వేయిస్తాం. మీ ఇంట్లో నిజంగా పిలిచే పిలుపే రాయించండి, పుస్తకంలోది కాదు.

'మీది ఆంధ్రానా, తెలంగాణనా?' అని తోటిపిల్లలు అడుగుతారు. పిల్లలు తడబడేది జవాబు తెలియక కాదు, ఒక్కటే చెప్పాలనుకొని. 'మా ఇల్లు ఇక్కడ, అమ్మమ్మ వాళ్లది తణుకు' అని ఊరి పేర్లతో చెప్పడం నేర్పండి. రెండు చోట్ల పెరిగితే ఎటూ కాకుండా పోతారేమో అని కొందరు అడిగారు. అలా ఏమీ పోరు. కాళోజీ గారి తండ్రిది మరాఠీ, తల్లిది కన్నడ. ఆయన రాసింది ఓరుగల్లు జనం మాట. గిడుగు వారు పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర గిరిజనుల భాష నేర్చి దానికి నిఘంటువు కట్టారు.

ఇక కాగితాల సంగతి, ఇది బాగా చదవండి. రెండు రాష్ట్రాల మధ్య తిరిగే కుటుంబాలకు దెబ్బ తగిలేది ఇక్కడే. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాలకు స్థానికతను 1 నుంచి 7 తరగతుల చదువును బట్టి చూస్తారు. అందులో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ స్థానికులు. వృత్తి విద్యా సీట్లకు లెక్క వేరు: ప్రధాన నిబంధన ప్రకారం అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు, అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు ఇక్కడే చదవాలి. మెడికల్ సీట్ల విషయంలో ఈ నాలుగేళ్ల నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న సమర్థించింది. పదో తరగతి కాగానే కోచింగ్ బాగుంటుందని పిల్లల్ని విజయవాడకో గుంటూరుకో పంపితే ఆ వరుస తెగిపోతుంది. తల్లిదండ్రుల ప్రభుత్వ ఉద్యోగ బదిలీలకు కొన్ని మినహాయింపులున్నాయి, సొంత ఇష్టంతో మారిన వారికి అవి పనికిరావు. చేర్పించేముందు ఆ ఏటి ఉత్తర్వు చూసుకోండి. బడి మారినప్పుడల్లా స్టడీ సర్టిఫికెట్ అప్పుడే తీసుకోండి, తరగతి, విద్యా సంవత్సరం రెండూ ఉన్నాయో లేదో అక్కడే నిలబడి సరిచూసుకోండి. మూతపడిన బడి నుంచి పదేళ్ల తర్వాత కాగితం తేవడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుసు.

దసరా సెలవులకు ముందురోజు బడిలో బతుకమ్మ పేరుస్తాం, సంక్రాంతి సెలవులకు ముందు గొబ్బెమ్మలు పెడతాం. రెండింటి చుట్టూ ఆడపిల్లలు చప్పట్లు కొడుతూ పాడుతూ తిరిగేదే. ఆ పోలికను పిల్లలే కనిపెడతారని ముందుగా చెప్పడం లేదు. కొత్తగా చేసే ఇళ్లవారికి: గునుగు పూలకు ముందురోజే రంగు అద్ది ఆరబెట్టండి, తడి మీద పేరిస్తే రంగు పక్క పూలకు అంటుతుంది. తాంబాళంలో అడుగున ఆకులు పరిచి, కాడలు లోపలికి ఉండేలా వరస పేర్చి, ప్రతి వరసకూ నడుమ ఆకుల ముక్కలు దట్టంగా నింపాలి. నడుమ ఖాళీగా వదిలేస్తే నాలుగో వరసకే ఒరిగిపోతుంది. తంగేడు, గునుగు తేగలిగినవారు, పెద్ద తాంబాళం ఇవ్వగలిగినవారు తరగతి ఉపాధ్యాయులకు వారం ముందు చెప్పండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు