ఫీజు కట్టే ముందు ల్యాబ్ కట్టుకోండి

సంపాదకుల వారికి,

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఏ మెట్లెక్కినా ‘ఎథికల్ హ్యాకింగ్’ (అనుమతితో కంప్యూటర్లలో లోపాలు వెతికే పని) బోర్డే. హ్యాకింగ్ టూల్స్‌తో వచ్చే కాళీ లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తెరిచి నాలుగు టూల్స్ నడపడం చాలాచోట్ల నేర్పుతున్నారు. వాటిని ఎక్కడ నడపాలన్న దగ్గరే పిల్లలు తప్పటడుగు వేస్తున్నారు.

8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉంటే సొంత సాధన ల్యాబ్‌కు పైసా ఖర్చు లేదు. ఒకే ల్యాప్‌టాప్‌లో వేరే కంప్యూటర్లను (వర్చువల్ మెషిన్లు) నడిపే వర్చువల్‌బాక్స్ వేసి కాళీకి 2 జీబీ, సాధన కోసం కావాలనే లోపాలతో తయారుచేసిన మెటాస్ప్లాయిటబుల్ 2 అనే మెషిన్‌కు 512 ఎంబీ ర్యామ్ ఇస్తే సరిపోతుంది. చిక్కంతా నెట్‌వర్క్ దగ్గరే. వర్చువల్‌బాక్స్‌లో ముందుగా ఉండే, ఒక్కో మెషిన్‌ను విడివిడిగా ఇంటర్నెట్‌కు కలిపే నాట్ మోడ్‌లో రెండింటికీ 10.0.2.15 అనే ఒకే అడ్రస్ వస్తుంది, ఒకదానికొకటి కనిపించవు. విసిగిపోయి, మెషిన్‌ను నేరుగా వైఫైకి కలిపే బ్రిడ్జ్‌డ్ మోడ్‌కు మార్చారో, తలుపులు బార్లా తెరిచిన ఆ మెటాస్ప్లాయిటబుల్ మెషిన్ హాస్టల్ వైఫైలో అందరి ముందూ నిలబడుతుంది. దాని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ ఒకే మాట, అదీ అందరికీ తెలిసిందే! రెండు మెషిన్లనూ మీ ల్యాప్‌టాప్ లోపలికే పరిమితం చేసే హోస్ట్-ఓన్లీ మోడ్‌లో పెట్టండి. 192.168.56తో మొదలయ్యే అడ్రసులు వస్తాయి, బయటికి దారి ఉండదు. పాడైతే వెనక్కి వెళ్లేలా మెషిన్ స్థితిని భద్రపరిచే స్నాప్‌షాట్ తీసుకున్నాకే చెయ్యి పెట్టండి.

మెషిన్‌లో ఏ సర్వీసులు నడుస్తున్నాయో చెప్పే ఎన్‌మ్యాప్‌తో మెటాస్ప్లాయిటబుల్‌లోని వెర్షన్లు చూస్తే 21వ పోర్టులో (నెట్‌వర్క్ ద్వారంలో) ఫైళ్లు పంపుకునే సర్వర్ వీఎస్‌ఎఫ్‌టీపీడీ 2.3.4 కనబడుతుంది. 2011లో దాని డౌన్‌లోడ్ ఫైల్లో ఎవరో దొంగదారి పెట్టారు. యూజర్‌నేమ్ చివర :) అని నవ్వు గుర్తు తగిలిస్తే 6200 పోర్టులో రూట్ షెల్ (మెషిన్‌పై పూర్తి అధికారమిచ్చే కమాండ్ లైన్) తెరుచుకుంటుంది. సిద్ధంగా ఉన్న దాడులను నడిపే మెటాస్ప్లాయిట్‌తో అయితే నిమిషం పని, నేర్చుకునేది సున్నా. పోర్టుకు నేరుగా కనెక్ట్ అయ్యే నెట్‌క్యాట్‌తో చేత్తో చేసి, నెట్‌వర్క్‌లో వెళ్లే ఆ ప్యాకెట్లను (డేటా ముక్కలను) వైర్‌షార్క్ అనే టూల్‌లో చూస్తే, కంప్యూటర్లు మాట్లాడుకునే టీసీపీ పద్ధతి బుర్రకెక్కుతుంది.

వెబ్‌సైట్ల లోపాలపై సాధనకు పోర్ట్‌స్విగర్ అనే కంపెనీ వారి ఉచిత ల్యాబులున్నాయి. కాలేజీ రిజల్ట్స్ సైట్‌లో సింగిల్ కోట్ (') కొట్టి లోపముందేమో చూసే సరదా మాత్రం వద్దు. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉంది. ‘చూసుకో తమ్ముడూ’ అని సిస్టమ్ అడ్మిన్ నోటిమాటగా అన్నది అనుమతి కిందకు రాదు. ఏ అడ్రసులు, ఏ తేదీలు, సర్వర్ పడిపోతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి రాసిన కాగితంపై అధికారం ఉన్నవారి సంతకం ఉండాలి.

ఇక దొరికిన లోపాలను వివరించే రిపోర్టు. ఓఎస్‌సీపీ అనే హ్యాకింగ్ సర్టిఫికెట్ పరీక్షలో 23 గంటల 45 నిమిషాలు మెషిన్లతో కుస్తీ పట్టాక, రిపోర్టు రాయడానికే మరో 24 గంటలు ఇస్తారు. కంపెనీ డబ్బిచ్చేది ఆ రిపోర్టుకే. అందుకే ఫీజు కట్టే ముందు, విద్యార్థులు రాసిన రిపోర్టు ఒకటి చూపించమని అడగండి. చూపించలేకపోతే పక్క మెట్లెక్కండి.

– ఇద్దరు సెక్యూరిటీ టెస్టర్లు, హైదరాబాద్