అడక్కుండానే కన్నాం

ముమ్మిడివరం,
కార్తీక సోమవారం.

అమ్మలూ,

దీపావళికి వచ్చినప్పుడు నువ్వడిగింది ఇంకా చెవిలోనే ఉంది. "అడక్కుండా ఒక ప్రాణాన్ని ఈ లోకంలోకి తేవడం తప్పు కాదా అమ్మా?" అన్నావు. మీ నాన్నగారు నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు.

నువ్వు చెప్పిన ఆ తత్వవేత్త బెనటార్ వాదన అల్లుడుగారి చేత మళ్ళీ చెప్పించుకున్నాను. పుట్టకపోతే బాధ తప్పుతుంది, అది మంచిదే. సుఖమూ తప్పిపోతుంది గానీ, అయ్యో అనుకోవడానికి మనిషే ఉండడు కాబట్టి నష్టం లేదు. అంతేగా? లెక్క బాగానే కుదిరింది. 2019లో ముంబయిలో ఒకతను, నన్నడక్కుండా కన్నారని అమ్మానాన్నల మీద కేసు వేస్తానన్నాడు కదా. వాళ్ళిద్దరూ లాయర్లేనట! ముందుగా నిన్నెలా అడగాలో చెప్పు, తప్పు ఒప్పుకుంటానంది ఆ తల్లి. గడుసుదే.

నీకెప్పుడూ చెప్పలేదు గానీ, ఆ ప్రశ్న నాకూ వచ్చింది. 1996 నవంబరు 6, ఆ పెనుతుఫాను రాత్రి. నువ్వు కడుపులో ఏడో నెల. మన పెంకులు లేచిపోతుంటే బడిలోకి పరిగెత్తాం. తెల్లారి చూస్తే తోటలో నిలబడ్డ కొబ్బరిచెట్టు లేదు. బావినీళ్ళు పాడైపోతే, పడిపోయిన చెట్ల బొండాలే తాగాం. బలుసుతిప్ప, భైరవపాలెం వైపు నుంచి వచ్చే కబుర్లు వినలేకపోయాం. మొత్తం వెయ్యిమందికి పైగా పోయారు. పొట్ట మీద చెయ్యేసుకుని, "ఇందులోకా నిన్ను తెస్తున్నాను?" అనుకున్నాను. జవాబు రాలేదు. నెలలు నిండాయి, నువ్వొచ్చావు. నీ మేలు కోసం కన్నానని అబద్ధం చెప్పను. మాకు కావాలనిపించింది, కన్నాం.

నీకు వద్దనిపిస్తే మానెయ్యి. "విశేషమేమైనా ఉందా?" అని ప్రాణం తీసే మీ మేనత్తకి నేను చెప్పుకుంటాను. మొన్నటిదాకా ఇద్దరు దాటితే సర్పంచిగా నిలబడనివ్వని ప్రభుత్వమే ఇప్పుడు ఎక్కువమందిని కనమంటోంది, వాళ్ళ మాటా పట్టించుకోకు. వద్దనుకోవడానికి ఏ తత్వవేత్త సాయమూ అక్కర్లేదు.

తప్పు అని మాత్రం అనకు. ఆ బడిలో నా పక్కన కూర్చున్న ఒకావిడకి ఆ రాత్రి ఇద్దరు పిల్లలు పోయారు. ఏడాది తిరక్కుండా మళ్ళీ నీళ్ళోసుకుంది. ఆవిడ చేసింది తప్పని నేననలేను. వచ్చినప్పుడు వాళ్ళింటికి తీసుకెళ్తాను, నువ్వనగలవేమో చూద్దాం.

సున్నుండలు అల్లుడుగారి స్నేహితుడి చేత పంపుతున్నాను. డబ్బా తిరిగి పంపడం మర్చిపోకు.

మీ అమ్మ