వడి వేరు, వేగం వేరు

సంపాదకులు గారికి,

నేను హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఫిజిక్స్ చెబుతాను. మొన్న వరండాలో సుద్దముక్కతో తిన్నగా గీత గీసి, మీటరుకో అంకె వేశాను. ఒక పాప సున్నా దగ్గర బయల్దేరి 10 దాకా నడిచి, వెనక్కి తిరిగి 4 దగ్గర ఆగింది. మొత్తం 16 సెకన్లు పట్టింది. నడిచిన దూరం 16 మీటర్లు, స్థానభ్రంశం, అంటే బయల్దేరిన చోటి నుంచి ఆగిన చోటికి తిన్నగా ఉన్న దూరం, దిక్కుతో సహా, 4 మీటర్లే. నడిచిన దూరాన్ని కాలంతో భాగిస్తే వడి, స్థానభ్రంశాన్ని భాగిస్తే వేగం. అంటే సగటు వడి సెకనుకు 1 మీటరు, సగటు వేగం పావు మీటరు. వెనక్కి వచ్చేటప్పుడు దిక్కు ఎదురవుతుంది కాబట్టి వేగానికి మైనస్ గుర్తు వేస్తాం; అది మాత్రం చాలామందికి మింగుడుపడలేదు.

"మరి పేపర్లో కారు 120 కిలోమీటర్ల వేగంతో అని రాస్తారు కదా టీచర్?" అని అడిగింది ఆ పాపే. దిక్కు చెప్పనప్పుడు అది వడే. వార్తల్లో వాడుక మార్చమని అడగను. మీ విద్యా పేజీలో ఇలాంటి గీత బొమ్మ ఒక్కసారి వేయండి.

– ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి