హిమాలయన్ 411 ఓనర్లు ఒకరికొకరు దొరికేదెలా?

సంపాదకులు గారికి నమస్కారం,

మీ ఆటో పేజీ వారం వారం చదువుతాను. కొత్త బండి ఏదొచ్చినా మైలేజీ ఎంత, ఈఎంఐ ఎంత, ఏయే రంగుల్లో దొరుకుతుంది, అన్నీ రాస్తారు, బాగానే ఉంటుంది. కానీ కొన్నాక ఏళ్ల తరబడి ఆ బండితో తిరిగేది మేము కదండీ, ఆ ఏళ్ల గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క కనపడదు. అందుకే ఈ ఉత్తరం.

నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు. ఈ మోడల్ 2016లో వచ్చింది, 2023 నవంబర్‌లో హిమాలయన్ 450 వచ్చింది, ఆ తర్వాత ఇక్కడ 411 అమ్మకం ఆగిపోయింది. 450లో ఇంజనే వేరు, లిక్విడ్ కూలింగ్, పవర్ 40 పీఎస్, మా 411 అయితే ఆయిల్ కూలింగ్‌తో ఇంచుమించు 24. అంటే కొత్త బండి గురించి ఎంత సమాచారం వచ్చినా మా బండికి పెద్దగా పనికిరాదు. ఇప్పుడు మాకున్న ఆధారం సాటి ఓనర్లే. మన ఊళ్లల్లో ఈ బండ్లు చాలానే తిరుగుతున్నాయి, నేను ఖమ్మం నుంచి భద్రాచలం, చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్‌కి ఎప్పుడెళ్లినా దార్లో ఒక్కటైనా ఎదురవుతుంది, చెయ్యి ఊపుకుని ఎవరి దారిన వాళ్లు పోతాం. అలా ఎదురైన మనిషినే ఆన్‌లైన్లో వెతికి పట్టుకోవాలంటే మాత్రం చాలా కష్టంగా ఉంది.

ఇంగ్లీషులో అయితే ఇబ్బంది లేదు. టీమ్ బీహెచ్‌పీ అనే బండ్ల వెబ్‌సైట్‌లో ఓనర్లు రాసుకున్న అనుభవాలు పేజీలకి పేజీలు ఉన్నాయి. ఈ బండి యూరప్‌కీ అమెరికాకీ కూడా వెళ్లింది కాబట్టి అక్కడివాళ్లు కూడా చాలా రాశారు. అక్కడ మెకానిక్ చార్జీలు ఎక్కువ, చిన్నాచితకా పనులు ఇంట్లోనే చేసుకుంటారు, చేసిన ప్రతిదీ ఫోటోలు తీసి వరసగా పెడతారు. మనకి వీధి చివరే మెకానిక్ ఉంటాడు, బండి ఆయన చేతిలో పెట్టి వచ్చేస్తాం, అందుకే మన దగ్గర రాసేవాళ్లు తక్కువ. పని తెలిసినోళ్లు తక్కువ అని కాదు.

తెలుగులో ఉన్నదంతా వాట్సాప్ గ్రూపుల్లో ఉంది. అక్కడ మంచి మనుషులున్నారు, రాత్రి పదింటికి అడిగినా ఎవరో ఒకరు వాయిస్ మెసేజ్ పెడతారు, అది నేను కళ్లారా చూస్తున్నదే. కాకపోతే గ్రూపులో 1024 మంది దాటితే ఇంకో గ్రూపు, కొత్తగా చేరినోడికి మామూలుగా పాత చాట్ కనపడదు, గూగుల్లో వెతికితే అందులోది ఒక్క అక్షరం రాదు. పోయిన నెల ఒకాయన ఓపిగ్గా చెప్పిన జవాబు ఈ నెల గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పడిపోతుంది, మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ ఆయనే చెప్పాలి, కొన్నాళ్లకి ఆయనకీ విసుగొచ్చి ఊరుకుంటాడు.

ఒక్క ఉదాహరణ చెప్తాను, కోన్ సెట్. హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు. 411 ఓనర్లు ఎక్కడ కలిసినా దీని మాట వస్తుంది. సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఒకరు గట్టిగా నొక్కి పట్టుకుంటే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది, అప్పుడు హ్యాండిల్‌ని రెండు వేళ్లతో మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పాలి. బాగుంటే నూనె రాసినట్టు తిరుగుతుంది. సరిగ్గా మధ్యలోకి రాగానే చిన్న గుంటలో పడ్డట్టు ఆగితే బేరింగ్ పోయినట్టే. రోడ్డు మీద ఇది సూటిగా తెలీదు, బండి ఎటో లాగుతున్నట్టు ఉంటుంది, జనం టైరు మార్చేస్తారు, అలైన్‌మెంట్ అంటారు, డబ్బులు పోతాయి. చాలామంది ఓనర్లు మార్చేటప్పుడు టేపర్ రోలర్ బేరింగ్ వేయించుకుంటున్నారు. ఇంతే విషయం, పది లైన్లు. ఈ పది లైన్లు తెలుగులో వెతికితే దొరికేలా ఎక్కడా ఉన్నట్టు నాకు కనపడలేదు. మా ఊరి మెకానిక్ అన్నకి ఇంగ్లీషు చదవడం రాదు, చేతిలో పని మాత్రం బంగారం, అలాంటి ఆయనకి ఇది తెలుగులో ఫోటోలతో అందితే ఎన్ని బండ్లు బాగుపడతాయో ఆలోచించండి.

గ్రూపు కోసం వెతికేవాళ్లకి కూడా నాలుగు మాటలు చెప్పాలి. ముందు మీ బండి ఏ సంవత్సరంది అని అడిగే గ్రూపే మంచి గ్రూపు. 2016లో వచ్చినవి కార్బ్యురేటర్ బండ్లు, బీఎస్4 అనే పొగ నిబంధనతో ఫ్యూయల్ ఇంజక్షన్ వచ్చింది, 2018లో బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, 2020లో బీఎస్6తో పాటు వెనక చక్రానికి ఏబీఎస్ ఆపుకునే స్విచ్చి, 2021లో దారి చూపే ట్రిప్పర్ నావిగేషన్. పొద్దున స్టార్ట్ అవట్లేదు అని ఒకరంటే కార్బ్యురేటర్ బండికి ఒక జవాబు, ఇంజక్షన్ బండికి ఇంకో జవాబు, సంవత్సరం అడక్కుండా సలహా ఇచ్చేవాళ్లని నమ్మొద్దు. 2022లో ఇదే కంపెనీ నుంచి వచ్చిన స్క్రామ్ 411 బండి వాళ్లని కూడా కలుపుకున్న గ్రూపు అయితే ఇంకా లాభం, ముందు చక్రం వాళ్లది 19 అంగుళాలు మనది 21, కానీ ఇంజన్ అదే, ఇంజన్ సంగతులన్నీ ఇద్దరికీ పనికొస్తాయి. ఇంకోటి, సలహా తీసుకున్నోళ్లు తిరిగొచ్చి ఇలా చేస్తే తగ్గింది అనో తగ్గలేదు అనో చెప్తున్నారా లేదా చూడండి. అది లేకపోతే ఎంత మంది ఉన్నా దండగే.

అమ్మకాల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. సెకండ్ హ్యాండ్ పానియర్లు (బండికి పక్కన తగిలించే లగేజీ పెట్టెలు), క్రాష్ గార్డులు ఫోటో పెట్టి అడ్వాన్స్ పంపండి అంటారు, పంపాక నంబర్ ఉండదు. వస్తువు చూడకుండా యూపీఐ కొట్టొద్దు, ఆర్‌సీ ఫోటో గ్రూపులో పెట్టొద్దు. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపించే అవకాశం అంత ఎక్కువ.

లడఖ్‌లోని లేహ్ వెళ్లాలనుకునే కుర్రాళ్లకి కూడా ఇలాంటి చోటు ఎంతో అవసరం. మనాలి దారిలో తాండీ బంక్ దగ్గర తర్వాతి బంక్ 365 కిలోమీటర్లు అనే బోర్డు చాలామంది ఫోటోల్లో చూసే ఉంటారు. మన ట్యాంకు 15 లీటర్లు, 30 మైలేజీ లెక్కన సరిపోతుంది అనిపిస్తుంది, అదే లగేజీతో, వెనక మనిషితో, ఘాట్ ఎక్కుతూ ఎంత ఇస్తుందనేది వెళ్లొచ్చినోళ్లే చెప్పాలి. అలా వెళ్లొచ్చిన తెలుగువాళ్లు ఎంతోమంది ఉన్నారు, వాళ్ల రీల్స్‌లో మంచు కొండలు కనపడతాయి గానీ పెట్రోలు లెక్క కనపడదు.

నేను అడిగేది రెండు. మీ ఆటో పేజీలో నెలకోసారైనా ఒక పాత మోడల్ తీసుకుని, దాని ఓనర్ల దగ్గర్నుంచే ప్రశ్నలూ జవాబులూ రాయించండి, సంవత్సరం వేసి, ఫోటోతో, మీ వెబ్‌సైట్‌లో కూడా పెడితే వెతికినోళ్లకి దొరుకుతుంది. హిమాలయనే అవ్వాలని లేదు, పల్సర్ వాళ్లకీ డామినార్ వాళ్లకీ ఇదే అవస్థ. రెండోది గ్రూపుల అడ్మిన్లకి, దయచేసి మీ గ్రూపులో వచ్చిన మంచి జవాబుల్ని, చెప్పినాయన్ని అడిగి, అందరికీ కనపడే చోట తెలుగులో రాసి పెట్టండి. వాయిస్ మెసేజ్ విని రాయడానికి పట్టేది పది నిమిషాలు.

కోన్ సెట్ సంగతి మా మెకానిక్ అన్న పక్కన కూర్చుని, విప్పిన దగ్గర్నుంచి బిగించేదాకా ఫోటోలతో రాసి పంపడానికి నేను రెడీ. మీరు సరే అంటే ఈ నెలలోనే పంపుతాను.

ఇట్లు,
హిమాలయన్ 411 ఓనర్,
ఖమ్మం