రెండక్షరాల జవాబు

ఏలూరు

చిరంజీవి రఘుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నీ ఆరోగ్యం సంగతి అడిగి విసిగించకూడదనుకొనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. రిటైరైనవాడికి నిఘంటువులే కాలక్షేపం కనుక, ఇరవై రోజులుగా మా ప్రతి మెసేజికీ నువ్విస్తున్న ‘ఓకే’ పుట్టుపూర్వోత్తరాలు వెదికాను.

అది నువ్వున్న బోస్టన్‌లోనే పుట్టిందట. మాటలను కావాలని తప్పుగా రాసి, వాటి మొదటి అక్షరాలను మాత్రమే అచ్చువేయడం ఆనాటి పత్రికలవారికి ఒక సరదా. ‘ఆల్ కరెక్ట్’ను ‘ఓల్ కొరెక్ట్’గా మార్చి, 1839 మార్చి 23న ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’ దానిని ‘ఎ.సి.’కి బదులు ‘ఓ.కె.’ అని వేసింది. అంతా సరిగ్గా ఉందని చెప్పే మాటలో రెండక్షరాలూ తప్పులే. అందుకే దానిని నమ్మలేక మీ అమ్మ నిద్రపోవడం లేదు. అటువంటి పొట్టిమాటలు చాలా పోయినా ఇది నిలిచింది. 1840 ఎన్నికలలో, కిండర్‌హుక్ ఊరివాడైన అమెరికా అధ్యక్షుడు వాన్ బ్యూరెన్‌ను ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అని పిలుచుకొనే అనుచరులు ఓ.కె. క్లబ్బు పెట్టారు. ఆయన ఓడిపోయాడు, మాట మిగిలింది. అలెన్ వాకర్ రీడ్ అనే పండితుడు 1960 దశకంలో పాత పత్రికలు తిరగేసి ఇదంతా తేల్చాడు. అన్నట్టు, నువ్వు గది మారావని శేషు బావ అన్నాడు. నిజమేనా?

1982లో నేను భిలాయిలో ఉద్యోగంలో చేరిన రోజున, టెలిగ్రాములో మాటలు పెరిగితే రుసుమూ పెరుగుతుంది కదా అని ‘ఓకే’ అని ఒక్క మాటే కొట్టించాను. టెలిగ్రామంటే చావుకబురేనని నమ్మిన మీ నానమ్మ, చదివించకముందే గుమ్మంలో కూలబడి ఏడ్చిందట. తరువాత కరణంగారు అది ‘బాగున్నాను’ అన్నారు, మాస్టారు ‘సరే’ అన్నారు. “సరే అనడానికి నేనేమడిగాను? వీడికి ఒంట్లో బాగాలేదు” అని ఆ రాత్రే తాతయ్యను రైలెక్కించింది. ఆయన రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చి, నేను భోజనం చేస్తుండగా చూసి, ఒక్క మాటైనా అనకుండా నా ప్రక్కన కూర్చొని అన్నం తిన్నారు.

నేను రైలెక్కి రాలేను. రాత్రిళ్ళు మేలుకోకు, పెరుగన్నం మానకు, చలిలో చెవులు కప్పుకో. చదువుకున్నవాడు క్లుప్తంగా రాయవచ్చు గాని, కన్నవారికి రాసేటప్పుడు వాక్యానికి కర్త, క్రియ ఉండాలని నీకు మూడో తరగతిలోనే చెప్పాను.

అమ్మ కందిపొడి, మాగాయ పార్సిలు కట్టి ఉంచింది. పాత చిరునామాకు పంపాలా, కొత్తదానికా? దీనికి ‘ఓకే’ జవాబు కాదు.

నాన్న