పెరటి కొలనుకు షీటు కొనేముందు

ఎడిటర్ గారికి నమస్కారం. పెరట్లో కొలను, దానిలోకి పారే చిన్న కాలువ కట్టుకునేవాళ్లు, నీళ్లు మట్టిలోకి ఇంకకుండా గొయ్యిలో పరిచే షీటు కొలత తప్పొద్దు. గొయ్యి పొడవుకు లోతును రెండింతలు చేసి కలిపి, గట్ల మీదికి రెండు వైపులా అడుగు చొప్పున వదలాలి, వెడల్పుకూ ఇదే లెక్క. 10 అడుగుల పొడవు, 2 అడుగుల లోతు ఉంటే 16 అడుగుల రబ్బరు షీటు కావాలి. నేను ఆ అడుగు వదల్లేదు, షీటు చాలక సగం గొయ్యి పూడ్చాల్సి వచ్చింది. షీటు కింద మెత్తటి ఫెల్ట్ (ఒత్తి చేసిన మందపాటి గుడ్డ) కూడా పరవాలి.

నీళ్లు తగ్గుతుంటే అందరూ కొలను అడుగునే వెతుకుతారు, కానీ చాలాసార్లు కాలువ పక్కన షీటు అంచు కిందికి జారిపోయి నీళ్లు మట్టిలోకి పోతుంటాయి, కొలను నీళ్లను కాలువలోకి ఎక్కించే పంపు ఆపాక కొలను మట్టం తగ్గడం ఆగితే లీకు కాలువలోనే అనుకోవచ్చు. పసిపిల్లలున్న ఇంట్లో మాత్రం కంచె లేకుండా నీళ్లు నింపొద్దు, దయచేసి.

– ఒక పాఠకుడు